బడిలో నేను నీకెవరినీ కాను

1969 నవంబరు 17, సోమవారం. ఉదయం పది దాటిన కాసేపటికి, చార్కో లార్గో ప్రాథమిక పాఠశాల ఒకటో తరగతి గదిలో నెలిడా సెపెడా అనే ఆరేళ్ళ పిల్ల నిలబడ్డ చోటే బట్టలు తడుపుకుంది. టీచరు ఎలోయిసా ఆరిస్పే ఆమెను బడి బయట మెట్ల మీద కూర్చోబెట్టింది. పిల్ల అక్కడ గంటకు పైగా ఉంది. భోజనాల గంట కొట్టకముందే ఆమె అక్క మినెర్వా రోడ్డవతలి నుంచి వచ్చి, చెల్లెల్ని ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయింది.

మినెర్వా ఆ వేళప్పుడు రోడ్డవతల ఉండడానికి కారణం ఉంది. దక్షిణ టెక్సస్‌లోని ఆ ఊళ్ళో హైస్కూలు పిల్లలు తరగతులు వదిలి బయటికొచ్చి అప్పటికి రెండో వారం. అందరూ మెక్సికన్ ఇళ్ళ పిల్లలే. బడిలో స్పానిష్ మాట్లాడితే శిక్షించడం మానాలని, చక్కెరదుంపల పొలాల నుంచి ఆలస్యంగా తిరిగొచ్చే పిల్లల్ని చదువు రానివాళ్ళ గదిలో పడేయడం ఆపాలని, కాలేజీకి వెళ్ళే దారి తమకీ చెప్పాలని వాళ్ళు అడిగారు. వాళ్ళ తరఫున మాట్లాడేది మినెర్వా. స్కూలు బోర్డు మొదట వినిపించుకోలేదు. తర్వాత గురువారం సాయంత్రం వింటామంది.

ఎలోయిసా ఈ రెండు వారాలూ ఏ పక్షానా నోరు తెరవలేదు. ఆ బడి టీచర్లలో మెక్సికన్ ఆమె ఒక్కతే. బడిలో ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటుంది. నెలిడాకి ఆమె జ్ఞానతల్లి. జ్ఞానస్నానం నాడు చర్చిలో ఆ పిల్లని చేతుల మీద పట్టుకున్నది ఆమే.

బడిలో ఎవరికీ ఎందుకు తెలియదో చెప్పాలి.

సెపెడా కుటుంబం మినెసోటా పొలాల నుంచి అక్టోబరు చివర్లో తిరిగొచ్చింది. బడిలో చేరిన మొదటి రోజు నెలిడా వరండాలో తన నీనాని చూసింది. జ్ఞానతల్లిని ఆ ఇళ్ళల్లో పిల్లలు నీనా అంటారు. నీనా ఎక్కడ కనబడినా ఎదురుగా వెళ్ళి, రెండు చేతులూ గుండెల మీద మడిచి, తల వంచి దీవెన అడగాలి. ఆమె నుదుటి మీద సిలువ గుర్తు వేశాక ఆ చేతిని ముద్దు పెట్టుకోవాలి. అంగడిలోనైనా అంతే, వీధిలోనైనా అంతే. నెలిడా నేర్పినట్టే చేసింది. మిస్ టాలివర్ అనే టీచరు కాఫీ కప్పుతో పక్కనే నిలబడి ఉంది.

"ఇదేంటి, ఈ పిల్ల నీకు మొక్కుతోందా?" అని నవ్వింది.

ఎలోయిసా కూడా నవ్వింది. "ఎవరో కొత్త పిల్ల," అంది. దీవెన ఇవ్వలేదు.

ఆ సాయంత్రం నెలిడాని తన వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి బిస్కెట్టు ఇచ్చి చెప్పింది.

"చూడు తల్లీ. ఇంట్లో నేను నీ నీనాని. బడిలో నేను నీకెవరినీ కాను. అక్కడ నేనెవరో నీకు తెలియదు. సరేనా?"

"చర్చిలో?"

"చర్చిలో నీనానే."

"మిఠాయి కొట్లో?"

"అక్కడా నీనానే. బడి గేటు లోపల మాత్రం కాదు."

"మరి చేతులో?"

"చేతులు వెనక్కి పెట్టుకో. అప్పుడు మర్చిపోవు."

పిల్ల స్టూలు దిగి, బిస్కెట్టుతో సహా చేతులు వెనక్కి పెట్టుకుని చూపించింది. "ఇలాగా?"

"ఇలాగే. నా బంగారం."

మూడు వారాలు నెలిడా మర్చిపోలేదు. సోమవారం మర్చిపోయింది.

తరగతిలో బయటికెళ్ళాలంటే ఇంగ్లీషులో ఒక వాక్యం పూర్తిగా అడగాలి. ఎలోయిసా కంటే ముందున్న టీచరు నాటి నియమం అది. ఎలోయిసా దాన్ని మార్చలేదు. నెలిడాకి ఆ వాక్యంలో మొదటి రెండు మాటలే వచ్చు. చేయెత్తింది, రెండు మాటలూ అంది, ఆగిపోయింది. టీచరు మిగతాది చెప్పమంది. పిల్ల బల్లల మధ్య నుంచి నడిచి టీచరు దగ్గరికొచ్చి, స్పానిష్‌లో, గొంతు తగ్గించి అడిగింది.

"నీనా, ఒంటికొస్తోంది."

గుమ్మంలో ప్రిన్సిపాల్ మిస్టర్ హాస్కెల్ నిలబడి ఉన్నాడు. పక్కన జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన మనిషి ఉన్నాడు. ఎలోయిసా వాళ్ళిద్దరినీ చూసింది. తర్వాత పిల్లని చూసింది.

"నువ్వేమంటున్నావో నాకు అర్థం కావడం లేదు," అని ఇంగ్లీషులో అంది.

పిల్ల మళ్ళీ అడిగింది. ఎలోయిసా మళ్ళీ అదే అంది. ఆ తర్వాత నేల తడిసింది. ముందు వరసలో పిల్లలు ముక్కులు మూసుకున్నారు. ఎలోయిసా నెలిడాని చేయి పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి, ఎండలో కూర్చోబెట్టింది. ఎండకి గౌను ఆరిపోతుందని ఆమె అనుకుంది. రోడ్డవతల కంచె పట్టుకుని నిలబడ్డ హైస్కూలు పిల్లలకి ఆ మెట్లు కనబడతాయన్నది ఆమెకి తట్టలేదు.

*

మంగళవారం ఉదయం ఆమె రోజూ వెళ్ళే వెనక సందులో రోడ్డు తవ్వి ఉంది. ముందు గేటు నుంచే వెళ్ళాల్సి వచ్చింది. రోడ్డవతలి నుంచి పిల్లలు పలకరించారు. బడిలో తెల్లవాళ్ళు ఆరిస్పే అనలేక ఆమెను 'మిస్ ఆరిస్' అంటారు. పిల్లలు అలాగే, ముక్కుతో అన్నారు.

"గుడ్ మార్నింగ్, మిస్ ఆరిస్!"

"మెట్లు కడిగించారా, మిస్ ఆరిస్?"

"టీచరుగారూ, నాకు ఒంటికొస్తోంది, ఇంగ్లీషులో!"

నవ్వులు లేచాయి. మినెర్వా వాళ్ళ వైపు తిరిగింది. "ఊరుకోండ్రా. ఆవిడకి స్పానిష్ రాదు. మర్చిపోయింది. నా నోట్లో మొదటి అన్నం ముద్ద పెట్టినప్పుడు మాత్రం వచ్చేది."

నవ్వులు ఆగిపోయాయి. ఎలోయిసా గేటు వైపు నడిచింది. పిల్లలు అట్టముక్కల మీద రాసి పట్టుకున్న మాట ఆమెకి కనబడింది. చికానో. ఆమె తండ్రి ఉన్న రోజుల్లో ఆ మాట ఇంట్లో అంటే చెంప పగిలేది. పొలం కూలీల్ని కించపరచడానికి వాడే మాటని ఆయన ఉద్దేశం. ఈ పిల్లలు దాన్ని కర్రకి కట్టి పైకెత్తారు.

హాస్కెల్ ఆమెను తన గదికి పిలిచాడు.

"కూర్చోండి, మిస్ ఆరిస్. గురువారం మీరు రావాలి. పెద్ద విషయమేం కాదు. మీ తరగతిలో స్పానిష్ మాట్లాడినందుకు ఎవరినైనా కొట్టారా అని అడుగుతారు. లేదని చెప్పండి. మీరు కొట్టరు కదా?"

"కొట్టను."

"అదే నిజం. ఆ నిజమే చెప్పండి. మీరు చెబితే వాళ్ళవాళ్ళే చెప్పినట్టుంటుంది." ఆయన కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. "సోమవారం సంగతి కూడా ఎత్తుతారు. ఆ పిల్ల తల్లి ఫిర్యాదు పెట్టింది. హింసించారట. మార్చిలో మీ కాంట్రాక్టు బోర్డు ముందుకొస్తుంది. నాకిదంతా ఇష్టం లేదు, మీకూ ఉండదు."

అప్పుడు ఎలోయిసా చెప్పింది. ఎవరూ అడగలేదు. తనే చెప్పింది.

"ఆ పిల్లకి నేను జ్ఞానతల్లిని, మిస్టర్ హాస్కెల్. నా సొంత పిల్ల కింద లెక్క. దాన్ని నేనెందుకు హింసిస్తాను?"

హాస్కెల్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా! మన పని సగం అయిపోయింది."

*

బుధవారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి, ఎలోయిసా ఇంటి ముందు తలుపు ఎవరో కొట్టారు. ఆ ఇంటికి వచ్చేవాళ్ళు తలుపు కొట్టరు. తలుపు తీస్తే రెఫుజియా సెపెడా నిలబడి ఉంది.

రెఫుజియా నెలిడా తల్లి. ఆమెదీ ఎలోయిసాదీ ఒకే వీధి, చిన్నప్పుడు ఒకే తరగతి. నాలుగో తరగతిలో రెఫుజియాని దుంపల పొలాలకి తీసుకుపోయారు. ఎలోయిసా తండ్రికి కొట్టు ఉండేది, ఆమె చదువుకుంది. నెలిడా జ్ఞానస్నానం నాటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు 'కోమాద్రే' అంటారు. పిల్లని కన్నతల్లికీ జ్ఞానతల్లికీ మధ్య వరస అది. ఆ వరస కలిశాక చిన్ననాటి 'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది. ఇన్నేళ్ళూ రెఫుజియా పెరటి వైపు నుంచే వచ్చేది. "ఏం ఉడుకుతోంది కోమాద్రే?" అంటూ మూత తీసి చూసేది.

ఈసారి ఆమె చర్చికి కప్పుకునే శాలువా కప్పుకుని ఉంది. చేతిలో ఎలోయిసా గిన్నె ఉంది. పోయిన ఆదివారం ఎలోయిసా అందులో చిక్కుళ్ళ కూర పంపింది. రెఫుజియా లోపలికొచ్చి గిన్నె బల్ల మీద పెట్టింది. గిన్నె ఖాళీగా ఉంది. వాళ్ళిద్దరి మధ్య ఖాళీ గిన్నె తిరిగి రావడం అదే మొదలు.

"కూర్చోండి కోమాద్రే."

"కూర్చోవడానికి రాలేదు."

"కాఫీ కలుపుతాను."

"షెడ్డులో తాగొచ్చాను."

రెఫుజియా పనిచేసే పాలకూర షెడ్డులో పనివాళ్ళకి కాఫీ ఇవ్వరని ఎలోయిసాకి తెలుసు.

"పిల్లకి ఒంట్లో ఎలా ఉంది? రెండు రోజుల్నించి బడికి—"

"ఒంట్లో బాగానే ఉంది. తింటోంది. ఆడుకుంటోంది. బడి అంటే మాత్రం మంచం కిందికి దూరుతోంది."

ఎలోయిసా గిన్నెని బల్ల మీద కొంచెం పక్కకి జరిపింది. "నేను చెప్పేది వినండి. గుమ్మంలో ప్రిన్సిపాల్ ఉన్నాడు. జిల్లా నుంచి వచ్చిన మనిషి ఉన్నాడు. నా పిల్ల అని నేను వదిలేస్తే, రేపు మిగతావాళ్ళ పిల్లలు..."

"మిగతావాళ్ళ పిల్లల్నీ వదిలేయొచ్చుగా."

ఎలోయిసా గిన్నెని మళ్ళీ వెనక్కి జరిపింది.

"నేను తిట్టడానికి రాలేదు," అంది రెఫుజియా. "తిట్టాలనుంటే సోమవారమే వద్దును. షెడ్డులో ఆడవాళ్ళంతా నాతో వచ్చేవాళ్ళు. మీ గుమ్మం ముందు గంపలు బోర్లించుకుని కూర్చుందాం పదండి అన్నారు. మినెర్వా కూడా సై అంది. నేనే వద్దన్నాను. పిల్ల ఒక మాట చెప్పింది. అది నిజమో కాదో మీ నోటితో వినాలి."

"ఏం చెప్పింది?"

"నిన్న తెల్లారగట్ల లేచి ఏడుస్తూ కూర్చుంది. ఏంటే అంటే, 'నీనా మీద కోప్పడకమ్మా, తప్పు నాదే,' అంది. నీ తప్పేంటే అన్నాను. 'బడిలో నీనా నాకు ఎవరూ కాదు. నేను మర్చిపోయి నీనా అని పిలిచాను. అందుకే నీనాకి నా మాట అర్థం కాలేదు,' అంది."

వీధిలో ఎవరిదో ట్రక్కు వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా రెఫుజియా ఆగింది.

"మీరు నేర్పారా ఆ మాట?"

"నేర్పాను."

రెఫుజియా తలూపింది. "కల కన్నదేమో అనుకున్నాను. పిల్లలు కలలు కంటారుగా."

"దాని మంచికే చెప్పాను కోమాద్రే. టీచరుకి కావలసిన పిల్ల అంటే మిగతావాళ్ళు..."

"ఏ మంచి?" రెఫుజియా గొంతు పెరగలేదు. "దీవెన అడిగితే మీ పక్కనున్న ఆవిడ నవ్వింది. అంతేగా? అది కూడా పిల్లే చెప్పింది. నాకు తెలుసు టాలివరమ్మ. ఆవిడింట్లో మా చెల్లెలు బట్టలు ఉతుకుతుంది. ఆవిడ నవ్వు ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. మినెర్వా నవ్వి చూపిస్తే మేం పొట్ట పట్టుకుంటాం. మీకేమో ఆ నవ్వుకి భయమేసింది."

ఎలోయిసా కుర్చీలో కూర్చుంది. రెఫుజియా నిలబడే ఉంది.

"మనం బడికెళ్ళే రోజులు గుర్తున్నాయా? మధ్యాహ్నం తెల్లపిల్లలు బ్రెడ్డు తినేవాళ్ళు. మనం టోర్టిల్లా రొట్టెలు సంచిలోంచి బయటికి తీయకుండా, తల సంచిలో పెట్టి తినేవాళ్ళం. నేను అడ్డం నిలబడితే మీరు తినేవారు. మీరు అడ్డం నిలబడితే నేను తినేదాన్ని."

"గుర్తుంది."

"అప్పుడు పిల్లలం. ఇప్పుడు మీరు నా కూతుర్ని సంచిలో పెట్టారు."

ఎలోయిసా రెండు చేతులతో ముఖం కప్పుకోబోయి, మానుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఒక్కటి చెప్పండి," అంది రెఫుజియా. "ఇన్నాళ్ళలో ఆ బడిలో ఒక్కరికంటే ఒక్కరికైనా చెప్పారా, ఈ పిల్ల నాది అని?"

"చెప్పాను."

రెఫుజియా అప్పుడు ఆమె ముఖంలోకి చూసింది. లోపలికొచ్చాక అదే మొదటిసారి. పక్కనున్న ఖాళీ కుర్చీ మీద చేయి వేసింది, కూర్చునేదానిలా.

"చెప్పారా? ఎప్పుడు?"

"నిన్న."

"ఎవరికి?"

"హాస్కెల్‌కి."

"నిజంగా? ఎందుకు చెప్పారు కోమాద్రే?"

ఎలోయిసా నోరు తెరిచింది. ఏదో ఒకటి చెప్పొచ్చు. చెబితే రెఫుజియా నమ్ముతుంది, కూర్చుంటుంది, కాఫీ తాగుతుంది. ఆ సంగతి ఎలోయిసాకి తెలుసు. ఆమె గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది.

రెఫుజియా కుర్చీ మీది నుంచి చేయి తీసింది.

"సరే," అంది. "ఇప్పుడర్థమైంది."

శాలువా సర్దుకుని తలుపు దాకా వెళ్ళి, అక్కడ నిలబడి మాట్లాడింది.

"రేపు నెలిడాని తీసుకొస్తున్నాను. మినెర్వా మాట్లాడుతుంది. మీరు మా తరఫున ఒక్క మాట మాట్లాడక్కర్లేదు. జరిగింది జరిగినట్టు చెప్పండి, చాలు. మీ ఉద్యోగం పోతుందేమో, నాకూ తెలుసు. బోర్డు పెద్ద ప్రూయిట్ ఉన్నాడే, నేను చేసే షెడ్డు ఆయనదే. నా పని రేపు ఎలాగూ పోతుంది."

"కోమాద్రే, నేను..."

"మన వరస తెంచుకోవడానికి వచ్చాననుకోకండి. మనం కట్టింది కాదుగా, తెంచుకోవడానికి. రేపు నాకేమైనా అయితే నెలిడాని పెంచాల్సింది మీరే. చర్చిలో ఒప్పుకున్నారు." తలుపు తీసింది. "సోమవారం దాకా ఆ సంగతి తలుచుకుంటే నాకు ధైర్యంగా ఉండేది."

ఆమె ముందు గుమ్మం నుంచే వెళ్ళిపోయింది.

*

గురువారం సాయంత్రం ఆరున్నరకి బోర్డు సమావేశమైంది. హైస్కూలు హాలుకి తాళం వేసి ఉంది. అందుకని ప్రాథమిక పాఠశాల భోజనాల గదిలో పెట్టారు. పొడుగు బల్లలు గోడకి జరిపి కుర్చీలు వేశారు. గోడల మీద నెలాఖరు పండుగకని ఒకటో తరగతి వాళ్ళు కాగితంతో కత్తిరించిన టర్కీ కోళ్ళు అంటించి ఉన్నాయి. తెల్లవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. మెక్సికన్లు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నా ఎవరూ వెళ్ళలేదు. మినెర్వా వచ్చి, తల్లినీ చెల్లెల్నీ తీసుకెళ్ళి మొదటి వరసలో కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఒక్కొక్కరే గోడ వదిలారు.

బోర్డు అధ్యక్షుడు ప్రూయిట్ మధ్యలో కూర్చున్నాడు. ఆయన ముందు టేపు రికార్డరు ఉంది. మాట్లాడిందంతా టేపులోకి వెళ్తుందని చెప్పి మీట నొక్కాడు.

మినెర్వా లేచి మాట్లాడింది. "మేం చికానోలం," అని మొదలుపెట్టింది. ఇంకా గోడ దగ్గరే ఉన్న ముసలివాళ్ళలో కొందరు నేలకేసి చూశారు.

"ఏంటా మాట?" అన్నాడు ప్రూయిట్. "నేను విన్నప్పటి నుంచీ మీరు లాటిన్ అమెరికన్లేగా?"

"మీరు పెట్టిన పేర్లు చాలా అయ్యాయి సార్. ఇది మేం పెట్టుకున్నది."

వెనక నుంచి ఎవరో ఈల వేశారు. ప్రూయిట్ బల్ల మీద కొట్టాడు. మినెర్వా తమ కోరికలు చదివింది. చివర్లో సోమవారం జరిగింది చెప్పింది. మెట్ల మీద కూర్చున్న చెల్లెలి గౌను ఏ రంగుదో, ఎంతవరకు తడిసిందో చెప్పింది. టీచరు పేరు చెప్పలేదు.

తర్వాత బోర్డు వకీలు కీన్ ఎలోయిసాని పిలిచాడు. ఆమె బోర్డు బల్లకి ఎదురుగా వేసిన కుర్చీలో కూర్చుంది.

"మీ తరగతిలో బెత్తం ఉందా?"

"లేదు."

"స్పానిష్ మాట్లాడినందుకు ఏ పిల్లనైనా కొట్టారా?"

"కొట్టలేదు."

రెండూ నిజాలే. రెఫుజియా ఆమె వైపు చూస్తోంది. ఎలోయిసాకి ఆ చూపు భుజం మీద తెలుస్తోంది. మూడో ప్రశ్న వస్తుందని, అప్పుడు జరిగింది చెప్పాలని ఆమె అనుకుంది. కీన్ మూడో ప్రశ్న వేయలేదు. జనం వైపు తిరిగాడు.

"ఇక్కడ హింస అనే మాట వచ్చింది. బోర్డు ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ టీచరు ఆ పిల్లకి పరాయిది కాదు. జ్ఞానతల్లి. ఈ మాట ఆవిడే స్వయంగా ప్రిన్సిపాల్‌తో చెప్పారు. మీ సంప్రదాయంలో జ్ఞానతల్లి అంటే ఏంటో నాకంటే మీకే బాగా తెలుసు. అలాంటి మనిషి పిల్లని హింసిస్తుందా?"

మెక్సికన్లలో కలకలం లేవలేదు. వాళ్ళలో చాలామంది ఆ జ్ఞానస్నానం విందులో తిన్నవాళ్ళే. తెల్లవాళ్ళ వరసల్లో మిస్ టాలివర్ మెడ చాచి ఎలోయిసాని చూసింది. రెఫుజియా తల వంచుకుంది.

"పిల్ల కూడా ఇక్కడే ఉంది," అన్నాడు కీన్. "తనతోనే చెప్పిద్దాం. నేను అడిగితే భయపడుతుంది. మిస్ ఆరిస్, మీరే అడగండి. కావాలంటే స్పానిష్‌లో అడగండి. ఈ ఒక్క పూటకి శిక్ష లేదు."

కుర్చీల్లో నవ్వులు వినిపించాయి. ప్రూయిట్ కూడా నవ్వి, కానిమ్మన్నట్టు చేయి ఊపాడు.

మినెర్వా లేవబోయింది. రెఫుజియా ఆమె చేయి పట్టుకుని ఆపింది. చిన్నదాని వీపు మీద తట్టింది. "వెళ్ళు. నీనా పిలుస్తోంది."

నెలిడా నడిచి వచ్చి ఎలోయిసా కుర్చీ ముందు నిలబడింది. జడలు బిగించి వేసి ఉన్నాయి. బూట్లు మినెర్వా చిన్నప్పటివి. పిల్ల గోడ మీది టర్కీ కోళ్ళ వైపు చూసింది. మంచినీళ్ళ కుళాయి వైపు చూసింది. పొడుగు బల్లల వైపు చూసింది. తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

ఎలోయిసా ముందుకి వంగి స్పానిష్‌లో అడిగింది.

"నెలిడా, నేను నీ నీనాని కదా? వీళ్ళకి చెప్పు తల్లీ."

నెలిడా ఇంగ్లీషులో జవాబిచ్చింది. గట్టిగా, వాక్యం పూర్తిగా చెప్పింది.

"కాదండీ. మీరెవరో నాకు తెలియదు."

ఆ పిల్ల నోట ఇంగ్లీషులో పూర్తి వాక్యం ఎలోయిసా వినడం అదే మొదటిసారి. జనంలో ఒకాయన నవ్వబోయి, చుట్టూ చూసి ఆపుకున్నాడు. కీన్ చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టాడు.

తరగతిలో సరైన జవాబు చెప్పిన పిల్లలు టీచరు తలూపేదాకా కూర్చోరు. నెలిడా కూర్చోలేదు. తలెత్తి ఎలోయిసా ముఖంలోకి చూస్తోంది.

"మిస్ ఆరిస్," అన్నాడు ప్రూయిట్. "ఇది తేలాలి. మీరు ప్రిన్సిపాల్‌తో అబద్ధం చెప్పారా, లేక ఈ పిల్ల ఇప్పుడు బోర్డుతో అబద్ధం చెబుతోందా?"

ప్రూయిట్ టేపు రికార్డరుని ఆమె వైపు జరిపాడు.

ఏడూ పదికి ఎలోయిసా ఆరిస్పే కుర్చీలోంచి లేచి నిలబడింది. టేపు తిరుగుతోంది. నెలిడా చేతులు వెనక్కి పెట్టుకునే ఉంది.